వాచీ ముల్లు చీకట్లో ఎంతసేపు వెలుగుతుంది?

ఆన్‌లైన్‌లో పండగ సేల్ వచ్చిందంటే చేతి వాచీల ప్రకటనల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది: చీకట్లో రాత్రంతా వెలుగుతుంది అని. కొన్నవాళ్లు కింద రాసిన అభిప్రాయాలు చదివితే మాత్రం అయోమయం మొదలవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి కూడా టైం కనిపించిందని ఒకరు రాస్తారు. అదే వాచీ అరగంటకే ఆరిపోయిందని ఇంకొకరు రాస్తారు. ఇందులో రేడియం ఉంటుంది కదా, చేతికి పెట్టుకుంటే క్యాన్సర్ వస్తుందా అని మూడో మనిషి అడుగుతారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది ఊసుపోక వేసే ప్రశ్న కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ తుపానులు వచ్చినప్పుడు ఇక్కడి పల్లెలు కరెంటు లేకుండా ఎన్నో రాత్రులు గడిపాయి. ఉద్దానంలోనైతే ఆ చీకటి రోజుల తరబడి సాగింది. ఫోన్లో మిగిలిన కాస్త ఛార్జింగ్‌ను అత్యవసరానికి దాచుకునే రాత్రుల్లో టైం చెప్పేది చేతి వాచీయే. తుపాను లేని రోజుల్లోనూ ఆ అవసరం ఉన్నవాళ్లు ఉన్నారు. పలాస వైపు పట్టాల మీద రాత్రి గస్తీ తిరిగే ట్రాక్‌మన్‌, జూట్ మిల్లులో రాత్రి నడిచే సి షిఫ్టుకు వెళ్లే కార్మికుడు, భావనపాడు నుంచి చీకటితో వేటకు బయల్దేరే మత్స్యకారుడు, వార్డులో లైట్లు తగ్గించాక మంచాల మధ్య తిరిగే నర్సు. వీళ్లకు ఎంతసేపు అన్న దానికి కచ్చితమైన జవాబు కావాలి.

పైన చెప్పిన ఇద్దరు కొనుగోలుదార్లూ నిజమే చెప్పి ఉండొచ్చు. ఎంతసేపు అనే ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. వెలుగుకు శక్తి ఎక్కడి నుంచి వస్తోంది? ఆ వెలుగు ఏ తీరున తగ్గుతోంది? చూసే కన్ను చీకటికి ఎంత అలవాటు పడింది? ప్రకటనలు వీటిని విడదీయవు, ఒక్క అంకె చెప్పి ఊరుకుంటాయి. గొడవంతా అక్కడే వస్తోంది.

మనం రేడియం అనే వాటిలో రేడియం ఎందులో ఉంది

బండి నంబరు ప్లేటుకు రేడియం వేయించాం అంటాం. ఆ స్టిక్కర్‌లో రేడియం లేదు, దానికి సొంత వెలుగూ లేదు. అందులోని సన్నటి గాజు పూసలు గానీ పట్టకాల వంటి చిన్న గళ్లు గానీ ఎదుటి బండి హెడ్‌లైటు కాంతిని వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. హెడ్‌లైటు ఆరిన క్షణమే స్టిక్కరూ చీకట్లో కలిసిపోతుంది.

పిల్లల గదిలో సీలింగుకు అతికించే నక్షత్రాలు, ఆసుపత్రుల్లోనూ సినిమా హాళ్లలోనూ పచ్చగా మెరిసే కొన్ని దారి బోర్డులు వేరే జాతి. ఇవి వెలుతురు ఉన్నంతసేపు కాంతిని దాచుకుని, చీకట్లో మెల్లగా విడిచిపెడతాయి. ఇవాళ మార్కెట్లో దొరికే వెలిగే వాచీల్లో చాలా భాగం ఈ జాతివే. వీటిలోనూ రేడియం లేదు.

తనంతట తానే వెలిగేది మూడో జాతి. ఇందులో నిజంగానే రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. పాత గడియారాల్లో అది రేడియం, ఆ తర్వాతి కాలంలో ప్రొమీథియం, ట్రిటియం. బటన్ నొక్కితే వెలిగే డిజిటల్ వాచీలూ, 1992లో టైమెక్స్ తెచ్చిన ఇండిగ్లో తరహా వెలిగే డయల్సూ బ్యాటరీతో నడుస్తాయి. బ్యాటరీ ఉన్నంతకాలం వెలుగు ఉంటుంది. వాటి లెక్క అంతటితో సరి.

వెలుగు ఆరినా రేడియం పోదు

మేరీ క్యూరీ, పియర్ క్యూరీ 1898లో రేడియాన్ని కనుగొన్నారు. కొద్ది ఏళ్లకే దాన్ని జింక్ సల్ఫైడ్ పొడిలో అతి స్వల్పంగా కలిపి వెలిగే రంగు తయారుచేశారు. రేడియం విసిరే ఆల్ఫా కణం అనే అతి చిన్న రేణువు జింక్ సల్ఫైడ్ స్ఫటికాన్ని తాకినప్పుడల్లా చిన్న మెరుపు పుడుతుంది. అలాంటి లెక్కలేనన్ని మెరుపులు కలిసి మన కంటికి పచ్చటి వెలుగుగా కనిపిస్తాయి. ముందుగా లైటు చూపించాల్సిన పని లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో ఉన్న సైనికులకు ఇది చాలా పనికొచ్చింది.

ఆ రంగు వేసినవాళ్లు ఆడపిల్లలు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం ఆరెంజ్ పట్టణంలోని యునైటెడ్ స్టేట్స్ రేడియం కార్పొరేషన్‌లో డయల్ అంకెలు సన్నగా రావడానికి కుంచె కొసను పెదవులతో మొన తేల్చమని వాళ్లకు నేర్పారు. ప్రతిసారీ కొంత రేడియం కడుపులోకి వెళ్లింది. శరీరం రేడియాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. దవడ ఎముకలు కుళ్లిపోయాయి, రక్తహీనత, ఎముక క్యాన్సర్లు వచ్చాయి. గ్రేస్ ఫ్రయర్‌తో కలిపి ఐదుగురు మహిళలు 1927లో కోర్టుకెక్కారు. 1928లో కంపెనీ రాజీకి వచ్చింది. పని చేసే చోట కార్మికుల రక్షణ గురించి తర్వాత వచ్చిన ఆలోచనలో ఆ పిల్లల బాధకు పెద్ద పాత్ర ఉంది. వెలిగే వాచీ గురించి రాసేటప్పుడు వాళ్లను తలవకుండా ముందుకు వెళ్లడం నాకు సరైందిగా అనిపించదు.

ఇక లెక్కలోకి వద్దాం. రేడియోధార్మిక పదార్థంలో సగం తరిగిపోవడానికి పట్టే కాలాన్ని అర్ధాయువు అంటారు. మిగిలిన సగంలో మళ్లీ సగం పోవడానికీ అంతే కాలం పడుతుంది. రేడియం-226 అర్ధాయువు సుమారు 1600 ఏళ్లు. అంటే 60 ఏళ్ల కిందటి రేడియం డయల్‌లో ఇప్పటికీ 97 శాతం రేడియం ఉన్నట్టే.

మరి తాతల నాటి అలారం గడియారం చీకట్లో ఎందుకు వెలగడం లేదు? ఆల్ఫా కణాలు ఏళ్ల తరబడి తాకీ తాకీ జింక్ సల్ఫైడ్ స్ఫటికాలు దెబ్బతిన్నాయి. కొట్టేది అలాగే ఉంది, మెరిసేది చచ్చిపోయింది. ఇలాంటి డయల్‌ను పగటి వెలుతురులో భూతద్దం పెట్టి చూస్తే సంగతి తెలుస్తుంది. అంకెల మీది రంగు కాల్చిన గోధుమ వన్నెకు తిరిగి, పగుళ్లిచ్చి ఉంటుంది. ముల్లు మధ్య ఖాళీలో నింపిన రంగు ఎండిన పిండిలా రాలిపోతూ ఉంటుంది. గడియారం చాలా ఏళ్లు ఆగిపోయి ఉంటే, ముళ్లు నిలిచిన చోట డయల్ మీద వాటి ఆకారంలోనే మాడిన నీడ కనిపిస్తుంది. రేడియేషన్ కాగితాన్నీ వార్నిష్‌నూ నెమ్మదిగా కాల్చిన గుర్తు అది.

కాబట్టి వెలుగు పోయింది కనుక ప్రమాదమూ పోయిందనుకోవడం పొరపాటు. మూత బిగించి ఉన్నంతకాలం ఆల్ఫా కణాలను గాజూ లోహపు కేసూ ఆపేస్తాయి. గామా కిరణం అనే ఇంకో రకం రేడియేషన్ మాత్రం కొంత బయటికి వస్తుంది. రేడియం క్షయం వల్ల పుట్టే రేడాన్ వాయువు కూడా సందుల్లోంచి రావొచ్చు. అన్నిటికంటే చెడ్డది ఆ రాలిన పొడి. మూత తెరిచి, గాలి ఊది శుభ్రం చేయబోతే అది ముక్కులోకీ నోట్లోకీ వెళ్తుంది.

ట్రిటియం: పన్నెండేళ్లకు సగం

1960ల నుంచి రేడియం స్థానంలో ట్రిటియం వచ్చింది. ఇది హైడ్రోజన్‌లో రేడియోధార్మిక రూపం. దీని నుంచి వచ్చే బీటా కణాలు ఎంత బలహీనమైనవంటే గాజును దాటలేవు, చర్మం పైపొరను కూడా దాటలేవు. అర్ధాయువు 12.3 ఏళ్లు.

ఆ కాలపు స్విస్ వాచీల డయల్ కింద, 6 అంకె దగ్గర, స్విస్ అనే మాటకు అటూ ఇటూ ఇంగ్లిష్ టి అక్షరం ఉంటే అది ట్రిటియం గుర్తు. టి పక్కన 25 కంటే తక్కువ అనే గుర్తు ఉంటే అందులో 25 మిల్లీక్యూరీలకు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) లోపే ట్రిటియం ఉందని అర్థం. సెకండ్ హ్యాండ్‌లో పాత స్విస్ వాచీ కొనేవాళ్లు ముందుగా చూసే చోటు ఇదే. 1990ల చివరికల్లా పెద్ద కంపెనీలు ట్రిటియం రంగును దాదాపు వదిలేశాయి.

ట్రిటియం ఇప్పటికీ ఉన్నది మరో రూపంలో. సన్నటి గాజు గొట్టం లోపలి గోడకు వెలిగే పొడి పూసి, ట్రిటియం వాయువు నింపి, రెండు కొసలూ కరిగించి మూసేస్తారు. స్విట్జర్లాండ్‌లోని ఎంబి-మైక్రోటెక్ ఈ గొట్టాలకు పేరున్న కంపెనీ. ట్రేసర్, బాల్, లూమినాక్స్ వాచీల ముళ్ల మీద చిన్న పుల్లల్లా కనిపించేవి ఇవే.

వీటి వెలుగు ఎంతకాలమో తేలిగ్గా లెక్క కట్టొచ్చు. కొత్త గొట్టం వెలుగు 100 అనుకుందాం. ఐదేళ్లకు 75, పదేళ్లకు 57, ఇరవై ఏళ్లకు 32, పాతికేళ్లకు పావు వంతుకు కాస్త తక్కువ. గొట్టం లోపలి పొడి కూడా ఏళ్లతో కొంత వాడుతుంది కనుక నిజంలో ఇంకాస్త తక్కువే ఉంటుంది. ఒక రాత్రిని తీసుకుంటే మాత్రం సాయంత్రం ఎంత వెలుగో తెల్లవారికీ అంతే. పెట్టెలో పెట్టి నెల తర్వాత తీసినా అంతే.

నడుమ కొంతకాలం వాడిన ప్రొమీథియం-147 అర్ధాయువు 2.6 ఏళ్లు మాత్రమే. పదేళ్లకు అందులో మిగిలేది ఏడు శాతం. ఆ వాచీలు ఏవైనా ఇంట్లో ఉంటే అవి చీకట్లో ఏమీ చెప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కాంతిని దాచుకునే రంగు లోపల జరిగేది

ఇవాళ్టి వాచీల సంగతి ఇది. 1993లో జపాన్‌కు చెందిన నెమోటో కంపెనీ స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పదార్థంలో యూరోపియం, డిస్ప్రోసియం అనే రెండు లోహాలను అతి కొద్దిగా కలిపి కొత్త రంగు తయారుచేసింది. దాని పేరు లూమినోవా. స్విట్జర్లాండ్‌లో దాన్నే సూపర్ లూమినోవాగా అమ్ముతారు. సీకో తన వాచీల్లో వాడేదాన్ని లూమిబ్రైట్ అంటుంది. అంతకు ముందు వాడిన రాగి కలిపిన జింక్ సల్ఫైడ్ వెలుగు చాలా తొందరగా కనుమరుగయ్యేది. ఇది రాత్రి దాటి నిలుస్తుంది. రేడియేషన్ ఏమాత్రం లేదు.

యూరోపియం, డిస్ప్రోసియం అరుదైన మృత్తికలనే లోహాల కుటుంబంలోవి. శ్రీకాకుళం తీరంలో భావనపాడు, కళింగపట్నం ఇసుకలో కనిపించే మోనజైట్ ఖనిజం ఆ కుటుంబాన్నే మోస్తుంది. అయితే మోనజైట్‌లో ప్రధానంగా ఉండేవి సీరియం, లాంథనం వంటివి. వాచీకి కావాల్సిన ఈ రెండూ అందులో చాలా కొద్ది.

వెలుతురు పడినప్పుడు యూరోపియంలోని ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగురుతుంది. మామూలుగా అది వెంటనే కిందికి దిగి కాంతిని వదిలేస్తుంది. అలాగే జరిగితే లైటు ఆర్పగానే డయల్ కూడా ఆరిపోవాలి. డిస్ప్రోసియం కలపడం వల్ల స్ఫటికంలో ఎలక్ట్రాన్లు చిక్కుకునే చోట్లు ఏర్పడతాయి. ఎగిరిన ఎలక్ట్రాన్లలో కొన్ని అక్కడ ఇరుక్కుపోతాయి. వాటిని విడిపించేది పరిసరాల్లోని వేడి. ఆ వేడి ఒక్కో ఎలక్ట్రాన్‌ను కాస్త కాస్తగా బయటికి నెడుతుంది, అది కిందికి దిగుతూ పచ్చటి కాంతి ఇస్తుంది. రాత్రంతా జరిగేది ఇదే.

దీన్నిబట్టి రెండు సంగతులు అర్థమవుతాయి. మొదటిది, చిక్కే చోట్లకు ఒక పరిమితి ఉంది. అవి నిండిపోయాక ఇంకా ఎంతసేపు ఎండలో పెట్టినా లాభం లేదు. ఆరుబయట ఎండలో కొద్ది నిమిషాలు చాలు. రెండోది, వేడి ఎక్కువైతే ఎలక్ట్రాన్లు తొందరగా బయటపడతాయి. ఏప్రిల్ ఉక్కలో చేతికున్న వాచీ కాస్త ఎక్కువ వెలిగి తొందరగా తగ్గుతుంది. ఫ్రిజ్‌లో పెడితే వెలుగు మసకబారుతుంది, బయటికి తీసి వెచ్చబడనిస్తే మళ్లీ పుంజుకుంటుంది. దాచుకున్నది లోపలే ఉంది కాబట్టి.

రాత్రి తొమ్మిదికి లైటు ఆర్పితే

ట్రిటియంలా దీనికి అర్ధాయువు లేదు. అడుగున చిల్లు పడిన కుండలో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ధారగా కారి, మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడి, చివరికి చుక్కచుక్కగా చాలాసేపు కారినట్టు ఈ వెలుగూ మొదట్లో గబగబా పడిపోయి తర్వాత నెమ్మదిస్తుంది. మోటుగా లెక్కవేస్తే, గడిచిన సమయం రెండింతలైనప్పుడల్లా వెలుగు సగమవుతుంది.

రాత్రి తొమ్మిదింటికి లైటు ఆర్పారు. పది నిమిషాల తర్వాత వెలుగు 100 అనుకుందాం. 9.20కి 50. 9.40కి 25. 10.20కి 12 చిల్లర. 11.40కి 6. తెల్లవారుజామున 2.20కి 3. మళ్లీ అందులో సగం కావడానికి ఉదయం 7.40 వరకు ఆగాలి.

ఈ అంకెల వరసను ఇంకోసారి చూడండి. 9.10 నుంచి 9.40 లోపు, అంటే అరగంటలో, ముప్పావు వంతు వెలుగు పోయింది. అరగంటకే ఆరిపోయిందన్న మనిషి చూసింది ఇదే. రెండున్నర దాటాక మిగిలింది మూడో వంతో పావు వంతో కాదు, నూటికి మూడు పాళ్లు. అయినా అది తెల్లారేదాకా పెద్దగా మారదు. నాలుగింటికి టైం కనిపించిందన్న మనిషి చూసింది అదే. అసలైన డయల్స్‌లో ఈ లెక్క అచ్చంగా ఇలాగే నడవదు. రంగు రకం, పూత మందం, ఉష్ణోగ్రత కొంత తేడా తెస్తాయి. తగ్గే తీరు మాత్రం ఇదే.

పూత మందం గురించి ఒక మాట చెప్పుకోవాలి. చవక వాచీల్లో ముల్లు మీద వెలిగే రంగు ఉందని చెప్పుకోవడానికే అన్నట్టు పల్చగా అచ్చువేస్తారు. లోతుగా నింపిన పూతలో వెలిగే పొడి ఎన్నో రెట్లు ఎక్కువ. ఒకే రంగు వాడినా ఒకటి తెల్లారేదాకా కనిపించి, ఇంకొకటి సెకండ్ షో అయ్యేసరికి కనిపించకపోవడానికి ముఖ్య కారణం ఇదే. డయల్ మీద పగలు తెల్లగా కనిపించే రంగుల కంటే లేత పసుపుపచ్చగా కనిపించే సి3 రకం ఎక్కువ వెలుగునిస్తుంది. తెల్లదనం కోసం వెలుగును కొంత వదులుకున్నట్టు.

సగం లెక్క కంటిలో ఉంది

వెలుగు నూటికి మూడు పాళ్లకు పడిపోయాక కూడా ఎలా కనిపిస్తోంది? ఈలోగా కన్ను మారిపోయింది కనుక.

కంటి వెనక తెరలో రెండు రకాల కణాలు ఉంటాయి. వెలుతురులో పనిచేసేవి శంకు కణాలు, మసక చీకట్లో పనిచేసేవి దండ కణాలు. లైటు ఆర్పాక శంకు కణాలు పది నిమిషాల్లో చేయగలిగినంత సర్దుకుంటాయి. దండ కణాలకు అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. అప్పటికి కన్ను వెలుతురులో ఉన్నప్పటి కంటే వేల రెట్లు సున్నితమవుతుంది. వాచీ వెలుగు ముప్పై రెట్లు తగ్గినా కన్ను అంతకు మించి పెరిగింది. రాత్రి మధ్యలో మెలకువ వచ్చినప్పుడు డయల్ ధగధగలాడుతున్నట్టు అనిపించడానికి కారణం ఇదే.

అదే మనిషి మెలకువ రాగానే ముందు ఫోన్ చూసి, తర్వాత వాచీ వైపు తిరిగితే ఏమీ కనిపించదు. ఫోన్ వెలుగుకు దండ కణాలు చెదిరిపోయాయి. మళ్లీ సర్దుకోవడానికి నిమిషాలు పడుతుంది. ఫోన్లో టైం ఉండగా వాచీ చూసేదెవరు అనొచ్చు. తుపాను రాత్రుల్లో టార్చి వేసి ఆర్పినవాళ్లకూ, చేతిదీపంతో పట్టాలు చూసుకుంటూ నడిచే ట్రాక్‌మన్‌కూ ఎదురయ్యేది సరిగ్గా ఇదే ఇబ్బంది. వాళ్ల వాచీ వెలుగుతూనే ఉంటుంది, వాళ్ల కన్నే అందుకోలేదు.

కరెంటు లేని రాత్రి ఇంకో విచిత్రం కూడా గమనించొచ్చు. గూట్లో పెట్టిన వాచీని తెల్లవారుజామున సూటిగా చూస్తే నిమిషాల ముల్లు మాయమవుతుంది. చూపును జానెడు పక్కకు, గోడ వైపు తిప్పితే అదే ముల్లు కంటి కొసన స్పష్టంగా తేలుతుంది. మళ్లీ సూటిగా చూస్తే మళ్లీ మాయం. కంటి తెరలో నట్టనడుమ దండ కణాలు లేకపోవడం, అన్నీ చుట్టూ ఉండడం దీనికి కారణం. వాచీ పాడైందని ఈ దశలో అనుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

రంగు ఎంపిక వెనకా ఇదే కన్ను ఉంది. కాంతి రంగును దాని తరంగం పొడవుతో, నానోమీటర్లలో చెబుతారు. పగటి కన్ను 555 నానోమీటర్ల దగ్గరి పసుపుపచ్చకు ఎక్కువగా స్పందిస్తే, చీకటి కన్ను 507 దగ్గరి నీలిపచ్చకు స్పందిస్తుంది. పచ్చగా వెలిగే రంగు కాంతి 520 దగ్గర, నీలంగా వెలిగేది 490 దగ్గర ఉంటాయి. రెండూ ఆ శిఖరానికి అటూ ఇటూ నిలిచాయి. ఎర్రగా వెలిగే డయల్స్ అరుదుగా కనిపించడానికి కారణం ఇక్కడే ఉంది. ఎరుపును దండ కణాలు దాదాపు పట్టించుకోవు.

డబ్బా మీది ఎనిమిది గంటలు

కంపెనీలు చెప్పే గంటలు ఎలా వస్తాయి? ప్రయోగశాలలో నిర్ణీత దీపం కింద, నిర్ణీత సమయం డయల్‌ను నింపి, చీకటి పెట్టెలో పెట్టి పరికరంతో కొలుస్తారు. వాచీల వెలిగే పూతలకు ఐఎస్‌ఓ 17514 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. చీకట్లో వెలిగే బోర్డుల వంటి వాటిలో వెలుగు చదరపు మీటరుకు 0.32 మిల్లీక్యాండెలాలకు (మెరుపును కొలిచే ప్రమాణం) పడిపోయే సమయాన్ని హద్దుగా తీసుకోవడం వాడుక. చీకటికి పూర్తిగా అలవాటు పడిన కన్ను చూడగలిగే కనిష్ఠ వెలుగుకు ఇది సుమారు వంద రెట్లు. ఆ హద్దు దాటినంత మాత్రాన డయల్ కనిపించకుండా పోదు, అలవాటు పడిన కంటికి ఇంకా చాలాసేపు కనిపిస్తుంది.

అంటే కంపెనీ అంకె ఒక రకంగా తక్కువ చెప్పినట్టే. ఇంకో రకంగా ఎక్కువ చెప్పినట్టు. ఎందుకంటే ఆ పరీక్షలో దక్కిన నింపుడు మన రోజువారీ జీవితంలో దక్కదు. మీద పడే వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు. మధ్యాహ్నపు ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటే, ట్యూబ్‌లైటు వేసిన గది రెండు మూడు వందల లక్స్ ఉంటుంది. పైగా ఈ రంగు నీలం, అతినీల లోహిత కాంతితో బాగా నిండుతుంది, పసుపు వెలుతురుతో కొద్దిగా, ఎరుపుతో దాదాపు నిండదు. సాయంత్రం నాలుగింటికి ఎండలో తిరిగి వచ్చిన వాచీ కూడా పది వరకు గది వెలుతురులో ఉంటే, పదింటికి అది గది వెలుతురు స్థాయిలోనే నిండి ఉంటుంది. ఎండలో నిండినదంతా ఆపాటికే కారిపోయింది.

ఒకే వాచీ ఉన్న ఇద్దరు అన్నదమ్ములను ఊహించుకుందాం. అన్న పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీకి నైట్ షిఫ్టుకు వెళ్తాడు. ఫుల్ చేతుల చొక్కా కింద వాచీ దాగి ఉంటుంది, రాత్రి తొమ్మిదింటికి బస్సులో చూస్తే మసగ్గా కనిపిస్తుంది. తమ్ముడు పడుకునే ముందు ఎల్‌ఈడీ బల్బుకు జానెడు దూరంలో పుస్తకం చదువుతాడు, చేయి ఆ వెలుగులోనే ఉంటుంది. లైటు ఆర్పాక అతని డయల్ పచ్చగా మండుతుంది. "అన్నయ్యా, నీకు నకిలీది అంటగట్టారు" అంటే ఆ మాటలో నిజం లేదు. రెండు వాచీలూ మార్చుకున్నా ఫలితం అదే మనుషులతో ఉంటుంది.

డైవింగ్ వాచీల ప్రమాణం ఐఎస్‌ఓ 6425 ఇంకో విధంగా అడుగుతుంది: చీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైం చదవగలగాలి. ఎన్ని గంటలు వెలిగిందని అడగడం కంటే చదవగలిగామా అని అడగడం వాడేవాళ్లకు దగ్గరి ప్రశ్న అని నా అభిప్రాయం.

రేడియోధార్మికత ఉండాలా, వద్దా

ట్రిటియం గొట్టాల విషయంలో రెండు వాదనలు ఉన్నాయి, రెండింటిలోనూ బలం ఉంది. కాంతిని దాచుకునే మంచి రంగు చేతిలో ఉండగా వాచీలో రేడియోధార్మిక వాయువు దేనికన్నది ఒకటి. గొట్టం పగిలితే వాయువు బయటపడుతుంది, పన్నెండేళ్లకు సగం వెలుగు పోతుంది, ధరా ఎక్కువ. గొట్టం మూసి ఉన్నంతకాలం బీటా కణాలు గాజు దాటవు కదా, పగిలినా ఆ కొద్దిపాటి వాయువు గాలిలో త్వరగా చెదిరిపోతుంది కదా అన్నది రెండోది. ఎండ మొహం చూడని పని చేసేవాళ్లకు, రాత్రంతా ఒకే స్థాయి వెలుగు కావాల్సినవాళ్లకు దాన్ని మించినది లేదని వాళ్లంటారు. మొదటి కొంతసేపు నిండిన స్ట్రాన్షియం రంగు ముందు ట్రిటియం వెలవెలపోతుంది. గంటలు గడిచేకొద్దీ ట్రిటియం నిలిచే ఉంటుంది, మరోటి తగ్గిపోతుంది.

కొవ్వాడ అణు విద్యుత్ ప్రాజెక్టు మాట వచ్చినప్పటి నుంచి ఈ ప్రాంతంలో రేడియేషన్ అంటేనే ఒక టెన్షన్ ఉంది. ఆ టెన్షన్‌ను తేలిక చేసి మాట్లాడకూడదు. అదే సమయంలో అన్ని రేడియోధార్మిక పదార్థాలనూ ఒకే గాట కట్టడమూ సరికాదు. ఎముకల్లో చేరి దశాబ్దాలు ఉండిపోయే రేడియం వేరు, గాజు గొట్టంలో చర్మం కూడా దాటలేని కణాలు వదిలే ట్రిటియం వేరు, రేడియేషనే లేని స్ట్రాన్షియం అల్యూమినేట్ వేరు. కొత్తగా కొన్న మామూలు వాచీ గురించి క్యాన్సర్ భయం అక్కర్లేదు. ఇంట్లో ఉన్న 1950ల నాటి గడియారం మూత విప్పేముందు ఆ భయం ఉండాలి.

పాత రేడియం వాచీలు సేకరించేవాళ్లు, అప్పుడప్పుడు చేతికి పెట్టుకుంటే అందే మోతాదు స్వల్పమే అంటారు. భద్రతా నిపుణులు వాటిని తెరవొద్దు, పాడైనవి ఇంట్లో ఉంచొద్దు అంటారు. వీటి మధ్య నిజమైన విభేదం అనిపించినంత లేదు. మొదటివాళ్లు మాట్లాడేది మూత బిగించిన వాచీ గురించి, రెండోవాళ్లు మాట్లాడేది రాలిన పొడి గురించి. ఈ రెంటి మధ్య చిక్కుకునేది రిపేరు చేసే మనిషి. కంటికి లూప్ అనే చిన్న భూతద్దం పెట్టుకుని, డయల్‌కు నాలుగంగుళాల దూరంలో ముక్కు ఉంచి, నోటితో దుమ్ము ఊదడం ఆ పనిలో మామూలు అలవాటు.

ఏళ్లు గడిస్తే కొత్త రంగు కూడా పోతుందా

స్ట్రాన్షియం అల్యూమినేట్‌లో తరిగిపోయేది ఏమీ లేదు. ఎలక్ట్రాన్లు ఎక్కుతాయి, చిక్కుకుంటాయి, దిగుతాయి, మళ్లీ ఎక్కుతాయి. పదార్థం అలాగే ఉంటుంది. ఆ లెక్కన ఇరవై ఏళ్ల తర్వాత కూడా మొదటి రోజులాగే వెలగాలి. లోపల తేమ చేరకుండా కేసు పొడిగా ఉన్న వాచీలు దాదాపు అలాగే ఉంటాయి కూడా.

దీని శత్రువు నీరు. తేమ తగిలితే స్ట్రాన్షియం అల్యూమినేట్ రసాయనికంగా విడిపోయి వెలిగే గుణం కోల్పోతుంది. వాచీ వెనక మూతకూ కీ తిప్పే బొడిపెకూ ఉండే రబ్బరు వాషర్లు చెమటకూ ఉప్పుగాలికీ ఏళ్లతో గట్టిపడి సందు ఇస్తాయి. కళింగపట్నం, భావనపాడు తీరాన వేటకు వెళ్లేవాళ్ల చేతి వాచీల్లో ఇది తొందరగా జరుగుతుంది. గాజు లోపల ఒకసారి ఆవిరి పట్టిన వాచీని ఆరబెట్టి వాడుకుంటారు, టైం సరిగ్గానే నడుస్తుంది. కొన్నాళ్లకు ముల్లు మీది పూత బూడిద రంగుకు తిరుగుతుంది. అప్పుడు ఎంత ఎండలో పెట్టినా అది వెలగదు. బ్యాటరీ మార్చే రోజునే ఆ వాషర్ కూడా మార్చినవాళ్ల వాచీ చీకట్లో ఇంకా టైం చెబుతూ ఉంటుంది.